ఈశాన్యం మూల పురుగు

గులాబీరంగు పురుగు. పత్తి గుట్టలోంచి బయటికొచ్చింది. గోడ దిగింది. పీట ఎక్కింది. కోటేశ్వరి అన్నం కంచం అంచున ఆగి, తల ఎత్తి, అటూ ఇటూ ఊపింది.

ఛీ!

కంచం తోసేసి లేచింది కోటేశ్వరి. చెప్పుతో నలిపింది. నలిపిన చోట తడి... ఆ తడి చూస్తే వాంతొచ్చినంత పనైంది.

ఈ ఏడు పత్తంతా ఇంతే. కాయ విప్పితే దూది కాదు, ముందు పురుగు. పత్తి తెచ్చి గదిలో పోస్తే గది నిండా పురుగు. పక్క దులిపితే పురుగు, బియ్యం చెరిగితే పురుగు. ఒళ్లంతా దురద. మందు కొట్టీ కొట్టీ మనుషులు సొమ్మసిల్లారు గానీ, దీని దుంపతెగ, అది మాత్రం హాయిగా పాకుతూనే ఉంది.

పత్తి పోయింది. ఇక మిరపే దిక్కు.

అందుకే మిరప ఎండబోసే కల్లంలో నాపరాళ్లు వేయించింది. మట్టి వద్దు, చెమ్మ వద్దు, బూజు వద్దు. పల్నాడు నుంచి లారీలో వచ్చిన రాళ్లు — బూడిదరంగువి, చల్లనివి, శుభ్రమైనవి.

శుభ్రమైనవనే అనుకుంది.

సిమెంటు ఆరాక నీళ్లు కొట్టి కడిగితే, ఈశాన్యం మూల రాయి మీద తేలాయి... జాడలు. చిటికెన వేలి మందాన, వంకర టింకరగా. ఒకదాని మీదుగా ఒకటి. ఆగినట్టు, తిరిగినట్టు, మళ్లీ పాకినట్టు.

రాతిలో కూడా పురుగులే!

"ఏం రాళ్లు పరిచావయ్యా బుడే?" అని మేస్త్రీ మీద అరిచింది.

"రాయి లోపల ఏముందో నాకేం తెలుసమ్మా? ఇప్పుడు లేపితే ముక్కలవుద్ది" అన్నాడు బుడే.

ఆ సాయంత్రమే వచ్చింది అక్క కూతురు మాధురి. గుంటూరులో రాళ్ల చదువు చదివే పిల్ల. కాళ్లన్నా కడుక్కోకుండా రాయి మీద బోర్లా పడుకుని, ఆ జాడల వెంట వేలు పోనిచ్చింది. తన వేలే ఏదో జిగటలో పెట్టినట్టు ఒళ్లు జలదరించింది కోటేశ్వరికి.

"పిన్నీ, ఇది ఒకప్పటి సముద్రం అడుగు. ఇవి పురుగు జాడలే అయితే, భూమ్మీద మొదట పాకినవాటిలో ఒకటి అయ్యుంటుంది. కాకపోతే ఉత్త పగుళ్లు. మా మేడమ్ చూస్తేగానీ చెప్పలేం. సోమవారం తీసుకొస్తా. అప్పటిదాకా దాన్ని గీకొద్దు, దాని మీద ఏమీ పోయొద్దు. సరేనా?"

"సరేలేవే."

మాట ఇచ్చింది. ఇచ్చిందే గానీ...

ఆ రాత్రి ఆ పిల్ల చెప్పిందంతా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఒకప్పుడు సముద్రం అడుగున పాచి తప్ప ఏమీ లేదట. నోరున్నది లేదు, కళ్లున్నది లేదు. ఆ పాచిని తొలిచింది పురుగేనట. బురద తిన్నదట, బురదే విసర్జించిందట. అది తొలిచిన దారిలోనే అడుగుకి ఊపిరి దిగిందట. ఆ తర్వాతే గవ్వలు. ఆ తర్వాతే పెంకులున్నవి, కాళ్లున్నవి, కళ్లున్నవి... ఒకదాన్నొకటి వేటాడేవి, భయపడి దాక్కునేవి. తిరునాళ్లకొచ్చినట్టు రకరకాలుగా, గుంపులు గుంపులుగా.

అంటే... ఇంత లోకానికీ మొదలు పురుగేనా?

థూ.

శనివారం మిరప తొలికోత. కూలీలు దొరికింది ఆ రోజే. తొలికాయ కల్లంలో పోసేముందు ఈశాన్యం మూల కడగాలి, పసుపు జల్లాలి, కుంకుమ పెట్టాలి, దోసెడు పండుకాయ అక్కడే పోయాలి. అత్తగారు పోసింది. ఆవిడ అత్తగారూ పోసింది. ఏ మూల మరిచినా ఆ మూల మరవకూడదు.

ఆ మూలనే పురుగు.

వంగింది కోటేశ్వరి. పసుపు వేళ్లు రాయిదాకా వెళ్లి ఆగిపోయాయి. పత్తి తిన్నదానికి పసుపు జల్లాలా? బొట్టు పెట్టి, మిరపకాయ కూడా తినమని నోటికందించాలా?

సిమెంటు మరకలకని బుడే వదిలి వెళ్లిన యాసిడ్ సీసా గోడవార ఉంది. నీళ్లు కలిపి వాడమన్నాడు.

కలపలేదు.

పోసింది.

రాయి బుసబుసమని పొంగింది. తెల్లటి నురగ... కార్తీక పౌర్ణమికి సూర్యలంక సముద్రంలో మునిగినప్పుడు కాళ్లని చుట్టుకున్న నురగలాంటిదే. ఘాటు ముక్కులోకి, గొంతులోకి. కొంగు అడ్డం పెట్టుకుని చీపురుతో రుద్దింది. చావు. చావు. ఎన్ని కోట్ల ఏళ్లనుంచి పాకుతున్నావో, నీ జిమ్మడ, ఇంక చావు.

నీళ్లు కొడితే రాయి తెల్లగా, ఖాళీగా తేలింది. పసుపు జల్లింది. కాయ పోసింది. ఆ పూట కడుపునిండా అన్నం తిన్నది.

సోమవారం మాధురి వచ్చింది, వెంట మేడమ్. కాయ పక్కకి నెట్టి, మేడమ్ మోకాళ్ల మీద కూర్చుని, భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది.

"పురుగేనా మేడమ్?" అంది మాధురి.

"ఇంకెలా తెలుస్తుందమ్మా?"

మాధురి పిన్ని వంక చూడలేదు. అరిచినా బాగుండేది. తిట్టినా బాగుండేది. బస్సుకి టైమైందని వెళ్లిపోయింది.

కోటేశ్వరి చేతులు వాసన చూసుకుంది. యాసిడ్ కంపు. సబ్బుతో తోమింది, చింతపండుతో తోమింది, పోలేదు. ఇప్పుడు రోత పురుగు మీద కాదు. పురుగో, పగులో... అదైనా తెలియకుండా చంపింది. ఆ రోత ఇప్పుడు తన చేతుల మీదే.

కాయ మళ్లీ సర్దబోయి, ఆగింది.

గులాబీరంగు పురుగు. ఇంట్లోంచి ఏ గోతానికి అంటుకుని వచ్చిందో. తెల్లటి రాయి ఎక్కింది. పసుపు మీదుగా పాకింది. దాని వెనకాల సన్నగా, వంకరగా, ఒక జాడ...

చెప్పు తీసి ఎత్తింది కోటేశ్వరి.

పురుగు ఆగి, తల ఎత్తి, అటూ ఇటూ ఊపింది.

"ఛీ... పో" అంది.

ఎత్తిన చెప్పు ఎత్తినట్టే ఉంది. పసుపులో జాడ ఇంకా పొడవవుతోంది.