తడబడని కాలు

సాయంత్రంలోగా బురుజు ఖాళీ చెయ్యమని ప్రభువు గారి దగ్గర్నుంచి గోర్మ్లాకు కబురొచ్చింది. ఆమె మూట కట్టలేదు సరికదా, వంటమనిషిని కేకేసి ఓట్స్ రొట్టెలు ఇంకో నాలుగు కాల్చమంది.

మొగుడు ఫెలిమ్ పోయి నెల తిరగలేదు. కొడుకు ఆ దేశపు ఆచారం ప్రకారం వేరే ఇంట పెంపకంలో ఉన్నాడు. వాడు ఎదిగి వచ్చేదాకా ఈ రాతి బురుజు ఆమెదే. ఫెలిమ్ తమ్ముడు తైగ్ బతికుంటే మాత్రం అతనిది. పదిహేనేళ్ల కిందట స్పెయిన్ ఓడెక్కి ఆచూకీ లేకుండా పోయిన ఆ తైగ్, అన్న పోయాడని తెలియగానే ఊడిపడ్డాడు. గోర్మ్లా కాపురానికి రాకముందే వెళ్లినవాడు, ముఖం ఎరగదు. ఎరిగిన పెద్దలు ఎవరూ మిగల్లేదు.

అతని వెంట ప్రభువు గారి దివాను రిస్టార్, తీర్పు చెప్పడానికి ముసలి ఫ్లాన్ వచ్చారు. గోర్మ్లా పై అంతస్తులో, మెట్ల చివర నిలబడి కిందికి కేకేసింది.

"రా మరిదీ! నీ ఇల్లేగా, నువ్వే ముందు నడువు."

"ఈ మెట్ల మీద పాకి పెరిగినవాణ్ణి వదినా! కళ్లు మూసుకుని ఎక్కేస్తా."

ఆ మెట్లు గోడలోపల మెలి తిరుగుతూ పైకి పోతాయి. ఒక్క మనిషికే దారి, పట్టపగలే చీకటి. మధ్యలో ఒక మెట్టు మిగతావాటికన్నా జానెడు ఎత్తు. దొంగ మెట్టు అంటారు దాన్ని. కత్తి దూసుకుని పరుగున వచ్చే శత్రువు అక్కడ బోర్లా పడాలనే అలా కడతారు.

తైగ్ సరిగ్గా అక్కడ కాలు పైకెత్తి, దర్జాగా దాటేశాడు. వెనకాల వస్తున్న ఫ్లాన్ మాత్రం ధబీమని పడ్డాడు.

"చచ్చాన్రా నాయనో, మోకాలు!"

"చూశారా?" అన్నాడు రిస్టార్, ముసలాయన్ని లేవనెత్తుతూ. "ఈ ఇంట పుట్టిన కాలు అది. ఇంకేం సాక్ష్యం కావాలి?"

"నిజమే. పరాయివాడైతే నాలాగే పడును," అని మూలిగాడు ఫ్లాన్.

గోర్మ్లా పగలబడి నవ్వింది. "పడాలి కదయ్యా! నిజమైన తైగ్ అయితే పడి తీరాలి. అయిదేళ్ల కిందటి గాలివానకు ఈ గోడ మెట్లతో సహా సముద్రంలో కలిసింది. పాత మెట్లన్నీ సమానమే. ఈ దొంగ మెట్టు మా ఆయన కొత్తగా పెట్టించాడు. తడిమి చూడండి, రాయి ఇంకా గరుగ్గానే ఉంది."

ఫ్లాన్ చేత్తో తడిమాడు.

"రిస్టార్ గారూ, మా ఇంటి విందు ఒక్కటీ వదల్లేదు మీరు. మీ ముందు పన్ను ఊడింది ఈ మెట్టు మీదేగా? ఇతనికి పాఠం బాగానే నేర్పారు."

"ఇతను తైగ్ కాడు," అన్నాడు ఫ్లాన్. "బురుజు ఆమెదే."

దివాను మొహం కందగడ్డైంది. "ప్రభువు గారు సైన్యాన్ని పంపిస్తారు, గుర్తుంచుకో!"

గోర్మ్లాకు ఒళ్లు మండిపోయింది. భయం మాత్రం వెయ్యలేదు.

"పంపమనండి. ఎంతమందొచ్చినా ఒక్కొక్కడే ఎక్కాలి. పైన నేనుంటాను."