చంద్రుడి మీద పందెం

గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే ఆ వెల్డింగ్ షాపుకి యజమాని తమ్ముడే అయినా, అతుకు గట్టిగా పడాలంటే మాత్రం అక్క చెయ్యి పడాల్సిందే. ముప్పై ఏళ్ళుగా వెల్డింగ్ హోల్డర్ పట్టిన చెయ్యి అది. ఇన్నేళ్ళలో ఆవిడ తన కోసమంటూ కొనుక్కున్న మొదటి వస్తువు ఒక పాత కెమెరా, పొడుగాటి లెన్సుతో సహా. అది చూసి తమ్ముడికి కడుపు మండిందో, నవ్వే వచ్చిందో అతనికే తెలియాలి.

"యాభై రెండేళ్ళొచ్చాక నీకు ఫోటోలేంటక్కా? నలుగురూ నవ్విపోతారు," అన్నాడు పనివాళ్ళందరి ముందూ. "సరే, రేపు పౌర్ణమి. చంద్రుణ్ణి మచ్చలతో సహా తీసి చూపించు. తీశావా, కెమెరా ఉంచుకో. తీయలేకపోయావా, ఎల్లుండే అమ్మేద్దాం."

"తీసి నీ మొహాన కొడతాను, చూస్తూ ఉండు," అంది అక్క. రోషమొస్తే ముందూ వెనకా చూసే మనిషి కాదు. తీరా అనేశాక గుర్తొచ్చింది. కెమెరా చేతికొచ్చి తొమ్మిది రోజులే అయింది. గోడ మీది పిల్లిని తీయబోతే గోడ వచ్చేది గానీ పిల్లి వచ్చేది కాదు.

మర్నాడు మధ్యాహ్నం తిండి మానేసి, మిగిలిన పైపు ముక్కలతో మూడు కాళ్ళ స్టాండు ఒకటి అతికించింది. బజారులో దొరికేదైతే చంకలో పెట్టుకుని పోవచ్చు. ఇదేమో గేటుకి తోబుట్టువులా తయారైంది. సాయంత్రం దాన్ని డాబా మీదికి చేర్చేసరికి నడుం పట్టేసింది.

ఎదురింటి నీళ్ళ ట్యాంకు పక్కనుంచి చంద్రుడు పైకొచ్చాడు. అక్క నొక్కింది. కెమెరా తెర మీద తెల్లటి సున్నపు ముద్ద కనబడింది. రాత్రి కదా, వెలుతురు చాల్లేదేమో అనుకుని కెమెరా షట్టర్ ఇంకాస్త ఎక్కువసేపు తెరుచుకుని ఉండేలా పెట్టింది. ముద్ద ఇంకా ఉబ్బింది. పట్టు వదలకుండా మరీ ఎక్కువసేపు తెరిచి ఉంచితే ఈసారి ఆకాశం కూడా వెలిసిపోయింది. నలభైసార్లు నొక్కితే ఒక్క మచ్చ పడలేదు. ఏడుపొచ్చింది.

కింద నుంచి తమ్ముడి గొంతు వినిపించింది. "అక్కా, కొనేవాళ్ళని వెతకమంటావా?"

ఒళ్ళు మండిపోయింది. తమ్ముడి మీద కోపంతో చంద్రుడి వంక గుడ్లురిమి చూసింది. చీకటికి అలవాటు పడ్డ కళ్ళేమో, చంద్రుణ్ణి చూడగానే చెదిరిపోయాయి. అప్పుడు తట్టింది. కొత్తగా పనిలో చేరినవాళ్ళు వెల్డింగ్ వెలుగుని ఉత్త కళ్ళతో చూస్తుంటే తనెన్నిసార్లు తిట్టలేదు? నల్లద్దం అడ్డం పెట్టుకుంటే కదా అతుకు కనబడేది! చీకటి ఆకాశానిదే గానీ చంద్రుడిది కాదు. ఆయన మీద పడుతున్నది నిక్షేపంలాంటి ఎండ.

"వెలుతురు చాలక కాదు, ఎక్కువై చచ్చాను," అని గొణుక్కుంటూ అన్నీ తిరగేసింది. షట్టర్ రెప్పపాటులో మూసుకునేలా పెట్టింది. లెన్సు కన్ను చిన్నది చేసింది. వేలు తగిలితే కదులుతుందని టైమర్ పెట్టి, ఊపిరి బిగబట్టి దూరంగా జరిగింది.

వచ్చాడు! నల్లటి మచ్చలు, అడుగున చిన్న గుంట, ఆ గుంటలోంచి చిమ్మినట్టు తెల్లటి చారలు. ఒక్కత్తే నిలబడి పైకే నవ్వేసింది.

మెట్ల మీద అడుగుల చప్పుడైంది. హమ్మయ్య, గెలిచాను, ఇక కెమెరా ఉంచుకోవచ్చు అనుకుంది. మరుక్షణం ఆ ఆలోచన మీదే ఎక్కడలేని కోపం వచ్చింది. ఉంచుకోవచ్చా? ఎవరిస్తే ఉంచుకోవాలి? తమ్ముడు బైకు కొనుక్కున్నప్పుడు ఎవరైనా పరీక్ష పెట్టారా? తన కష్టంతో కొనుక్కున్న వస్తువుని తనే పందెంలో పెట్టి, ఇంతసేపూ దాని కోసం ఏడ్చింది!

తమ్ముడు వచ్చాడు, వెనకాలే మరదలు.

"వచ్చాడా నీ చంద్రుడు?"

అక్క కెమెరా ఆపేసింది. "చూపించను."

"అంటే రాలేదన్నమాట. రేపు అమ్మేద్దాం."

"అమ్మను."

"మరి పందెం?"

"దానికి సరే అనడమే నా బుద్ధి తక్కువ. చంద్రుడు వచ్చినా రాకపోయినా ఇది నాది. రేపు రాళ్ళు తీస్తాను, రప్పలు తీస్తాను. ఒక్కటీ కుదరకపోయినా తీస్తూనే ఉంటాను. నవ్వేవాళ్ళని నవ్వుకోనీ."

తమ్ముడు పెళ్ళాం వంక చూశాడు.

"వదినా, నేనేం పందెం వెయ్యలేదుగా. నాకు చూపించవూ?" అంది మరదలు.

"నువ్వు రావే."

ఇద్దరూ తలలు దగ్గర పెట్టి తెర మీదికి వంగారు. "అమ్మో!" అని మరదలు నోటి మీద చెయ్యి వేసుకుంది. తమ్ముడు మెడ సాచాడు.

"ఏదీ, నన్నూ చూడనీ."

అక్క తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు నీ పందెం వెనక్కి తీసుకో," అంది.