గోడ దూకిన ప్యాంటు

మా బావ ఎడమ మోకాలు యుద్ధంలో పోయింది. ఇనప ముక్క ఇంకా లోపలే ఉంది. రేడియోవాళ్లు ఆ ముక్కనడిగే వాన కబుర్లు చెబుతారని ముప్పయ్యేళ్లుగా కోతలు కోస్తున్నాను. ఆ మోకాలికి పింఛను వస్తోంది. బరువంతా కుడికాలి మీద మోపి మోపి ఇప్పుడు కుడి తుంటి అరిగిపోయింది. తుంటి ఆపరేషన్ జరగాలంటే, అది మోకాలి వల్లే పాడైందని మిలిటరీ బోర్డు ఒప్పుకోవాలి.

రుజువు నా దగ్గరుంది. నేను దర్జీని. బావ ప్యాంట్లన్నీ నా చేతివే. కొలతల పుస్తకంలో మొదటి ఏడాది రెండు కాళ్లూ నలభై అంగుళాలు. ఆ తర్వాత కుడికాలు పావు, అర తగ్గుతూ వచ్చి, పోయిన నెలకి అంగుళమున్నర కురచ.

"ఒరేయ్ బామ్మర్దీ, ఆ వచ్చేవాడికి పుస్తకం చూపించి నోరు కుట్టేసుకో. నీకు దారం కరువా?" అన్నాడు బావ.

బోర్డు పంపిన ఎంక్వయిరీ ఆఫీసరు మధ్యాహ్నం నా కొట్టుకి వచ్చాడు. మెట్ల మీద బూట్ల చప్పుడే లేదు. మిషను పక్కన కూర్చుని, పుస్తకంలో ఒక్కో వరుసా వేలితో తడుముతూ చదివాడు.

"బాగుంది," అన్నాడు.

నా ఛాతీ కొలత రెండంగుళాలు పెరిగింది.

అంతలో వేలు ఆగింది. పేజీ అంచున నా గిలుకుడు. ప్రతి కొలత పక్కనా ఓ వేళాకోళం రాయందే నాకు కత్తెర ఆడదు.

"'ఈవేళ బావ ఆరడుగుల గోడ దూకి మేకల దొంగను పట్టాడు. ప్యాంటు చిరిగింది.' నిజమేనా పెద్దాయనా?"

"సరదాకి రాశానండి. మేకు తగిలి చిరిగింది."

"అయితే ఇందులో అబద్ధాలు కూడా రాస్తారన్నమాట."

గోడ నిజమంటే మోకాలు బాగున్నట్టు. అబద్ధమంటే అంకెలకీ దిక్కు లేనట్టు.

"కొలతలు మాత్రం నిజమండి."

"ఏది నిజమో బోర్డు తేలుస్తుందిలెండి. ఆ మోకాలు కూడా మళ్లీ చూడాల్సి ఉంటుంది," అంటూ పుస్తకాన్ని సంచిలో పెట్టుకున్నాడు.

బయట బావ కర్ర మీద వాలి నిలబడ్డాడు. ఆఫీసరు ఆయనకి నమస్కారం పెట్టి, నా కొట్టు పక్క గోడ దగ్గర ఆగి, కింది నుంచి పైదాకా తీరిగ్గా చూసి వెళ్లాడు.

"ఏమన్నాడురా?"

"బాగుంది అన్నాడు బావా."

ఆ మాట అతను అన్నదే.

"చూశావా," అని నవ్వాడు బావ, "నువ్వు నోరు మూసుకుంటే పనులెలా అవుతాయో."