పక్కకు జరుగు, మద్దిలేటీ

నేను ఒక మూడుకాళ్ళ స్టాండును. ఫోటోలు తీసేవాళ్ళు నన్ను ట్రైపాడ్ అంటారు. కెమెరా గురించి గొప్పలు చెప్పుకుంటారు, కెమెరా పట్టినవాడికి దండలు వేస్తారు, కిందపడకుండా మోసినదాని ఊసు మాత్రం ఎవరికీ పట్టదు. మీ లోకంలో ఇది మామూలే కనుక దాని గురించి ఏడవను. నా ఏడుపు వేరే ఉంది.

నా పుట్టుక గొప్పదేమీ కాదు. ఏదో దూరదేశపు షెడ్డులో అల్యూమినియం గొట్టాలు కోసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, మరలు బిగించి అట్టపెట్టెలో పడుకోబెట్టారు. కర్నూలులో నన్ను మొదట కొన్నవాడు పెళ్ళి వీడియోలు తీసేవాడు. అతని దగ్గర ఉన్నన్నాళ్ళూ నేను చూసింది పెళ్ళికూతురి ముఖం కాదు, చుట్టాల వీపులు. అక్షింతలు నా కీళ్ళలో ఇరుక్కునేవి. పిల్లలు నా కాళ్ళకు తగిలి పడేవారు, తిట్లు నాకు పడేవి. చివరికి ఒక కాలి మర వదులై నేను కుంటడం మొదలుపెట్టాక, అతను నన్ను తెలివిగా బేతంచెర్ల స్టూడియో ఆయనకు అంటగట్టాడు.

ఆ స్టూడియో ఆయన పేరు సర్వేశ్వరాచారి. తాతతండ్రులు బంగారప్పని చేసినవాళ్ళు. ఆ పని ఈయన దాకా రాలేదు కానీ చేతిలో పనితనం వచ్చింది. నా కుంటికాలికి తనే ఒక ఇత్తడి ఉంగరం చేసి తొడిగాడు. అంత శ్రద్ధగా నన్ను అంతకుముందు ఎవరూ ముట్టుకోలేదు. అందుకే ఆయన్ను తిట్టాలనిపించినప్పుడల్లా ఆ ఉంగరం గుర్తొచ్చి సగంలో ఆగిపోతుంటాను.

బస్టాండు ఎదురుగా ఇరుకు గది ఆయన స్టూడియో. పింఛన్ల ఫోటోలు, పరీక్షల ఫోటోలు, మూఢం లేని రోజుల్లో పెళ్ళిళ్ళు. "గడ్డం పైకెత్తు, కండ్లు మూయొద్దు" అని పొద్దస్తమానం జనానికి చెప్పీ చెప్పీ ఆయనకు మనుషుల ముఖాలంటే మొహం మొత్తింది. ఆయన ప్రేమంతా నేల మీద, ఆకాశం మీద. అందం చూడాలంటే హిమాలయాలకు పోనక్కర్లేదు, ఇంటి వెనక్కి పోతే చాలు అనేవాడు. ఆ మాట మాత్రం నూటికి నూరుపాళ్ళూ నిజం.

ఊరు దాటి, నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీల తెల్లదుమ్ము దాటితే జువ్విగుట్ట. ఇంట్లో పొయ్యి మీద పెట్టిన పప్పు ఉడికేలోగా స్కూటరు మీద చేరొచ్చు. వానాకాలంలో పచ్చగడ్డి, బండల మధ్య సీతాఫలం పొదలు, పొద్దు గుంకేవేళ ఎర్రమట్టి మీద పడే వెలుగు. వెన్నెల లేని రోజుల్లో గుట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా పాలపుంత. ఎన్నో ఏళ్ళు, తీరిక దొరికిన ప్రతి సాయంత్రం నన్ను స్కూటరుకు కట్టుకుని అక్కడికి పోయేవాడు. అమావాస్య వస్తే ఇక ఆగేవాడు కాదు.

"అమావాస్య పూట గుట్టలెంబడి తిరిగేది నువ్వొకనివి, దయ్యాలొకటి" అనేది ఆయన భార్య ఈశ్వరమ్మ. ఆమెకు తెలియనిదేమంటే, గుట్ట మీద మూడోవాళ్ళు కూడా ఉన్నారు.

మద్దిలేటి అనే గొర్రెల కాపరి, అతని భార్య సుంకులమ్మ. గుట్ట నడుమ ఒక నీటి చెలమ. దాని పక్కన కంపతో అల్లిన గొర్రెల దొడ్డి, బోదగడ్డి గుడిసె, గుడిసె ముందు పొయ్యి. కొంచెం పైన, పసుపు పూసిన రాయి, గొర్రెల కాపరుల దేవుడు బీరప్ప. మద్దిలేటి తండ్రి మేపింది అక్కడే, తాత మేపింది అక్కడే. ఎండాకాలం మాత్రం మందను కిందికి తోలుకుపోయి కాలువ కింది పొలాల్లో ఎరువు కోసం కట్టేవారు. తొలకరికి మళ్ళీ గుట్టెక్కి, బీరప్ప ముందు పాలు పొంగించేవారు.

మొదటి రోజే సుంకులమ్మ ఆచారికి జొన్నరొట్టె, పుండుకూర, అదే మీ గోంగూర, పెట్టింది. ఆయన తిన్నాడు. తిని, చెయ్యి కడుక్కుని, నన్ను నిలబెట్టి కెమెరాలో కన్ను పెట్టాడు.

"మద్దిలేటీ, కొంచెం పక్కకు జరుగు."

"నా గొర్లు అడ్డమొస్తాండాయా సామీ? తోలుతా ఉండు." అతను నొచ్చుకోలేదు. చేతులు చాచి "హెయ్, హెయ్" అంటూ మందను గుట్ట వెనక్కి మళ్ళించాడు. తరువాత పొయ్యి మంట కూడా అడ్డమైంది. సుంకులమ్మ దాని మీద నీళ్ళు చల్లింది. అన్నం సగం ఉడికి ఉన్నట్టుంది, ఆ సంగతి ఆమె చెప్పలేదు.

అప్పటినుంచి అదే ఆచారం. ఆచారి స్కూటరు చప్పుడు వినగానే మద్దిలేటి తనంతట తనే మందను తప్పించేవాడు, టార్చి ఆర్పేవాడు. మంచి ఫోటో అంటే అందులో కరెంటు తీగ ఉండకూడదు, గుడిసె ఉండకూడదు, గొర్రె ఉండకూడదు, మనిషి అసలే ఉండకూడదని ఆచారి పట్టుదల. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషి ఆయన. నాకు నిజంగానే మూడు కాళ్ళు, అయినా నేను అంత మొండిదాన్ని కాదు. పొరపాటున ఏ గొర్రెపిల్లో కెమెరా చట్రంలోకి దూరితే "వేస్టు" అని అక్కడికక్కడే ఆ ఫోటో చెరిపేసేవాడు. తప్పించడానికి వీల్లేని దొడ్డినీ, గుడిసెనూ ఇంటికొచ్చి కంప్యూటర్లో తుడిచేసేవాడు. పసుపు కంటికి కొడుతోందని బీరప్పనూ తుడిచేశాడు. ఆఖరికి తడిమట్టిలో దిగిన నా కాళ్ళ గుర్తులను కూడా వదల్లేదు.

ఒకసారి మద్దిలేటి నోరు తెరిచి అడిగాడు. "సామీ, మా ఇద్దరిదీ ఒకటి తీయరాదా? ఆమె పెండ్లప్పటి చీర కట్టుకోనుండాది." నిజంగానే ఆ సాయంత్రం సుంకులమ్మ ఎర్రచీర కట్టుకుని, తల దువ్వుకుని, గుడిసె ముందు కదలకుండా నిలబడి ఉంది. ఆచారి పడమటివైపు చూశాడు. "ఇంకోసారి తీస్తాలే మద్దిలేటీ, వెలుగు పోతాంది" అన్నాడు. వెలుగు ఎవరి కోసమూ ఆగదు, మద్దిలేటి ఎన్నాళ్ళయినా ఆగుతాడు. అదీ ఆయన లెక్క.

ఫోటోలకు పేరొచ్చింది. కర్నూలు ప్రదర్శనలో ఒకదానికి బహుమతి ఇచ్చారు. పాలపుంత కింద ఒంటరిగా, నున్నగా, కడిగిన పళ్ళెంలా జువ్విగుట్ట. దాని కింద ఆచారి తన చేత్తో తనే ఒక పేరు రాశాడు: 'మనిషి అడుగు పడని జువ్విగుట్ట.' జనం ఫోన్లలో ఒకరికొకరు పంపుకున్నారు, ఆహా అన్నారు. ఆ మాట రాసిన చేతికి ఇంకా సుంకులమ్మ పుండుకూర వాసన పోలేదు. నాకు నోరు లేదు గానీ, ఉంటే ఆ రోజు ఊరుకునేదాన్ని కాదు.

తరువాత ఒక కంపెనీ మనిషి స్వీట్ల పెట్టెతో స్టూడియోకు వచ్చాడు. "మన ప్రాంతం అందాలు క్యాలెండర్‌గా వేస్తున్నాం" అన్నాడు. పొగడ్తకు పొంగని మనిషి ఉంటాడా! ఆచారి అడిగిన ఫోటోలూ ఇచ్చాడు, అడగనివీ ఇచ్చాడు. క్యాలెండర్ రాలేదు. ఎండాకాలం మధ్యలో బడి మైదానంలో షామియానా వేశారు. జువ్విగుట్టను రాతిగనికి ఇవ్వడం మీద ప్రజాభిప్రాయ సభ అట. సభ ఫోటోలు తీయమని ఆచారినే పిలిచారు, అలా నేనూ వేదిక పక్కనే నిలబడ్డాను.

తెర మీద ఆచారి ఫోటోలు వరసగా పడ్డాయి. గని తవ్వేది ఆ క్యాలెండర్ కంపెనీయే. దాని మేనేజరు మైకు పట్టుకుని, అది ఎవరికీ పనికిరాని బీడు అని, మనుషులు గానీ పశువులు గానీ వాడుతున్న ఆనవాలు లేదని, ఏళ్ళ తరబడి తీసిన ఈ ఫోటోలే సాక్ష్యమని చెప్పాడు. ఈ నేల గొప్పదనాన్ని లోకానికి చాటిన కళాకారుడని ఆచారిని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఆయన ముఖంలో రక్తం లేదు.

వెనక వరసలో మద్దిలేటి లేచాడు. కాలువ పొలాల నుంచి పొద్దున్నే నడిచి వచ్చాడు. "మేముండాము సార్ ఆడ. మా నాయనా, మా జేజినాయనా ఆడనే మేపినారు."

"మేము వెళ్ళి చూశామయ్యా, ఎవరూ లేరు" అన్నాడు సభ నడుపుతున్న ఆఫీసరు. ఎండాకాలంలో ఎవరుంటారు? మంద కాలువ కింద ఉంది, కంపదొడ్డి గాలికి చెదిరిపోయింది. "నువ్వు అక్కడ ఉన్నట్టు ఆధారం ఏమైనా ఉందా?"

మద్దిలేటి ముఖం ఒక్కసారిగా విప్పారింది. ఇంత తేలికైన ప్రశ్న అడుగుతారని అతను అనుకోలేదు. చెయ్యెత్తి ఆచారిని చూపించాడు. "ఆ సామిని అడగండి సార్. ఎన్నేండ్ల నుంచో మమ్మల్ని చూసుకుంటనే ఫోటోలు తీస్తాండాడు. మేమంతా ఆయన కెమెరాలోనే ఉంటాము."

అతను నిజంగానే అలా అనుకున్నాడు. కెమెరా ఇటు తిరిగి ఉంటే అందులో తాము ఉన్నట్టేనని, పక్కకు జరగమన్నది ఫోటో బాగా రావడానికేనని, తమ బొమ్మలన్నీ ఆచారి దగ్గర భద్రంగా ఉన్నాయని.

ఆచారి మైకు దగ్గరికి నడిచాడు. ఆయన పిరికివాడు కాదు, ఆ మాట నేను చెప్పాలి. "ఉన్నారు సార్. నేను కండ్లారా చూసినా. వాళ్ళ చేతి కూడు తిన్నా" అన్నాడు.

"ఫోటో చూపించండి."

"చెరిపేసినా సార్."

"అన్నీనా?"

"అన్నీ."

ఆఫీసరు తెర వైపు చూశాడు. అక్కడ పాలపుంత కింద ఆచారి రాసిన పేరు అలాగే వెలుగుతోంది. "ఇది రాసింది మీరే కదండీ?" అన్నాడు మర్యాదగా. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. మద్దిలేటి నవ్వలేదు. అర్థంకాక ఆచారి వైపే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపు నాకు ఎదురుగా పడింది. దాన్ని పట్టే కెమెరా నా నెత్తి మీదే ఉన్నా, నొక్కేవాడు మైకు దగ్గర తల దించుకుని ఉన్నాడు.

ఆ తరువాత ఆచారి కంప్యూటరంతా గాలించాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మీ జాతికి అలవాటే. ఒక గొర్రె చెవైనా, ఒక పొగైనా, ఒక కంబళి అంచైనా దొరకలేదు. అంత శుభ్రంగా పని చేశాడు. ఈశ్వరమ్మ తలుపు దగ్గర నిలబడి చూసి చూసి ఒక్కటే మాట అంది: "పెండ్లిలో గ్రూపు ఫోటో తీసేటప్పుడు ఎవురన్నా తప్పిపోయినారేమోనని పదిసార్లు పిలుస్తావే. కూడు పెట్టినోళ్ళను ఎట్ల తప్పిస్తివి?"

తొలకరి వచ్చింది. బీరప్ప ముందు పాలు పొంగలేదు. గుట్ట చుట్టూ ముళ్ళతీగె లేచింది, చెలమ పూడింది, మందుగుండుతో బండలు పేలాయి. మేపడానికి చోటు లేక మంద అమ్ముడుపోయింది. సుంకులమ్మ పాలిష్ ఫ్యాక్టరీలో రాళ్ళు మోస్తోంది. మద్దిలేటికి కంపెనీ దయతలిచి గేటు కాపలా ఇచ్చింది. ఖాకీ చొక్కా తొడిగి, చేతిలో ఈల పెట్టింది. గని మీద పెద్ద పెద్ద లైట్లు. ఇప్పుడు అక్కడ పాలపుంత కాదు కదా, వేగుచుక్క కూడా కనిపించదు. ఆచారి మనుషులను తుడిచాడు, వాళ్ళు ఆకాశాన్నే తుడిచారు.

ఒక సాయంత్రం ఆచారి నన్ను మళ్ళీ స్కూటరుకు కట్టాడు. గేటు ముందు ఆగి, "మద్దిలేటన్నా, ఫోటో తీస్తా" అన్నాడు. అన్నా అని పిలవడం అదే మొదలు.

"తీసుకో సామీ" అన్నాడు మద్దిలేటి. ఆ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

ఆచారి నా కాళ్ళు చాపి, కెమెరా బిగించి, కన్ను పెట్టాడు. పెట్టి తల పైకెత్తాడు. చట్రంలో గేటు ఉంది, తవ్విన గుట్ట ఉంది. మద్దిలేటి లేడు. అలవాటు ప్రకారం పక్కకు జరిగిపోయాడు. జరుగుతూ రెండు చేతులూ చాచి, లేని గొర్రెలను "హెయ్, హెయ్" అని వెనక్కి మళ్ళించాడు. అంతలో తను చేస్తున్నదేమిటో తెలిసి చేతులు దించుకున్నాడు.

"జరగొద్దన్నా" అన్నాడు ఆచారి. ఏడుస్తున్నాడు. "నిన్నే తీస్తా."

"నన్నా?" మద్దిలేటి తన ఖాకీ చొక్కా వైపు చూసుకున్నాడు. "నేనుండానని ఇప్పుడు ఎవురికి చూపిస్తావు సామీ?"

గని లోపల సైరను మోగింది. పేలుడు వేళయింది, దూరం పొమ్మని మద్దిలేటి చెయ్యి ఊపాడు. ఆచారి కెమెరా ఊడదీసుకుని స్కూటరు ఎక్కాడు. నన్ను మరిచిపోయాడో, వదిలేశాడో నాకు తెలియదు. మళ్ళీ రాలేదు. స్టూడియోలో ఇంకా పింఛన్ల ఫోటోలు తీస్తున్నాడని, గుట్టల వైపు పోవడం మానేశాడని దారినపోయేవాళ్ళ మాటల్లో విన్నాను.

మద్దిలేటి నన్ను పారేయలేదు. గేటు ముందు రోడ్డు మీద నిలబెట్టి నా నెత్తికి ఒక ఎర్రగుడ్డ కట్టాడు. సుంకులమ్మ పాత చీర చెంగు అది, జరీ అంచు ఇంకా కొంచెం మిగిలి ఉంది. పేలుడుకు ముందు వచ్చేపోయేవాళ్ళను ఆపి, పక్కకు జరగమని చెప్పడం ఇప్పుడు నా ఉద్యోగం. నా కాలికి ఇత్తడి ఉంగరం ఇంకా గట్టిగానే ఉంది. నన్ను చూసి జనం మారుమాట్లాడకుండా జరుగుతారు, మద్దిలేటి జరిగినట్టే.