సీలు విప్పినవాడి పేరు

గోదాం బాబాయికి చదవడం రాదు. ఈ సంగతి ఆయనకు తెలుసు, ఆయన భార్యకు తెలుసు. మూడో మనిషి చెవిన పడకుండా ముప్ఫై ఏళ్ళు నెట్టుకొచ్చాడు. ఎవరైనా కాగితం చేతికిస్తే జేబులు తడుముకుని, "కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను, నువ్వే చదివిపెట్టు" అనేవాడు. నిజానికి ఆయనకు కళ్ళజోడే లేదు. జీతం తీసుకోవడానికి సంతకం ఒక్కటి పట్టుబట్టి నేర్చుకున్నాడు. అదీ రాయడం కాదు, బొమ్మ గీసినట్టు గీయడం.

ఆయన గోదాము చూసుకునే చిన్న కంపెనీలో తయారయ్యేవి నాలుగే రకాలు: నేల తుడిచేది, గిన్నెలు తోమేది, బట్టలు ఉతికేది, బాత్‌రూము కడిగేది. నేలది ఆకుపచ్చ సీసా, మీద పువ్వు. గిన్నెలది పసుపు సీసా, మీద నిమ్మకాయ. బట్టలది గులాబీ రంగు, పొట్టి మూత. బాత్‌రూముది నీలం సీసా, దాని మీద సింహం. బాత్‌రూముకీ సింహానికీ ఏం చుట్టరికమని ఎవరూ అడగలేదు. లేబుళ్ళు అచ్చేసే ప్రెస్సు వాడి దగ్గర ఆ రోజు ఆ బొమ్మే ఉంది, అంతే. అందమా అంటే పిసరంత లేదు. కానీ బాబాయి గుమ్మంలో నిలబడి ఏ సీసా ఎక్కడుందో వేలు పెట్టి చూపించేవాడు.

యజమాని మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టున ఉండిపోయాక కంపెనీ కూతురి చేతికొచ్చింది. డిజైను చదువుకున్న పిల్ల. చిన్నప్పుడు బడి నుంచి తిన్నగా గోదాముకే వచ్చి, అట్టపెట్టెల మీద కూర్చుని కాపీరాత రాసి బాబాయికి చూపించేది. ఆయన నుదురు ముడేసి కాసేపు పరీక్షగా చూసి, "ఇంకాస్త గుండ్రంగా రాయాలమ్మా" అనేవాడు. ఏ పేజీ చూపించినా అదే తీర్పు. ఏ అక్షరానికైనా అతుకుతుంది కదా!

ఆ పిల్ల ఇప్పుడు ఆరునెలలు నిద్రాహారాలు మాని కంపెనీ మొత్తానికి ఒకే రూపం తయారుచేసింది. ఒకటే తెల్ల సీసా, ఒకటే తెల్ల మూత, ఒకటే రకం అక్షరాలు. పేరు పైనుంచి నాలుగు వేళ్ళ కిందే ఉండాలి, వేలెడు అటూ ఇటూ కాకూడదు. పెట్టె, బిల్లు, వ్యాను, గుమ్మం మీద బోర్డు, అన్నిటికీ అదే తీరు. తప్పకూడదని నియమాలన్నీ పుస్తకం వేసి మరీ పంచింది.

"చూడు బాబాయ్, ఎక్కడ పెట్టినా మనదే అని తెలిసిపోవాలి. అక్షరాలు గుర్తుపట్టావా? నా చేతిరాతే! నువ్వు దిద్దిందే. ఎంత గుండ్రంగా ఉన్నాయో చూడు."

బాబాయి నాలుగు సీసాలకేసి చూశాడు. ఒకే సీసాను నాలుగుసార్లు చూసినట్టుంది.

"చాలా బాగున్నాయమ్మా" అన్నాడు.

ఆమె పొంగిపోయింది. ఇంక నిజం చెప్పే దారి అక్కడితో మూసుకుపోయింది. ఉద్యోగం పోతుందన్న భయం ఉంది, లేకపోలేదు. అంతకన్నా పెద్ద భయం ఆ కాపీపుస్తకాలది. చెప్తే అవన్నీ అబద్ధమైపోతాయి.

సీసాలు నింపే గదిలోంచి పెట్టెలు వచ్చేవి. "ఇవేంట్రా?" అని అడిగితే, "పైన రాసుంది కదా బాబాయ్" అని మోసుకొచ్చిన కుర్రాళ్ళు నవ్వుకుంటూ పోయేవారు. రెండో వారం ఒక బడి వంటశాలకు వెళ్ళాల్సిన పెట్టె వ్యానెక్కించాక, ఒక సీసా కారి ఘాటు వాసన ముక్కుకు కొట్టింది. గిన్నెలది కాదు, బాత్‌రూముది. బాబాయి గబగబా పెట్టె కిందికి దింపేశాడు. పిల్లలు తినే కంచాలవి!

ఆ రోజు నుంచి ప్రతి పెట్టెలో ఒక సీసా మూత తిప్పి, వాసన చూసి, మళ్ళీ బిగించి పంపేవాడు. మూత తిప్పితే సీలు తెగుతుంది. సీలు తెగిన సీసాలు వస్తున్నాయని కొనేవాళ్ళు గోల పెట్టారు.

"చెప్పెయ్యరాదూ? ఆ పిల్లేమన్నా మిమ్మల్ని కొడుతుందా?" అంది భార్య.

"కొడితే బాగుండును" అన్నాడాయన.

మర్నాడు ఆ పిల్లే గోదాముకొచ్చి, కొత్త రిజిస్టరు, పెన్ను ఆయన చేతిలో పెట్టింది. అట్ట మీద అవే గుండ్రని అక్షరాలు.

"ఎవరో సీలు విప్పుతున్నారు బాబాయ్. పరువు పోతోంది. నీకన్నా నమ్మకమైనవాళ్ళు నాకెవరున్నారు? కనిపెట్టి చూడు. ఎవరు విప్పినా వాళ్ళ పేరు ఇందులో రాసిపెట్టు."

ఆమె వెళ్ళాక బాబాయి ఆ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. సీలు విప్పకపోతే కంచాల్లోకి విషం పోతుంది. విప్పితే దొంగవుతాడు. ఎటూ దిక్కు తోచలేదు.

మూడు రోజుల తర్వాత ఆమె రిజిస్టరు తెరిచింది. వరసగా పద్నాలుగు గీతల మీద పద్నాలుగుసార్లు ఒకటే సంతకం.

"ఇదేంటి బాబాయ్? సీలు విప్పినవాడి పేరు రాయమంటే, నీ పేరు రాశావేంటి?"

"అదేనమ్మా రాసింది."

ఆమె నవ్వబోయి ఆగింది. "నువ్వా? ఎందుకు?"

"వాసన చూడ్డానికి."

"వాసనెందుకు? పైన రాసుంది క..."

మాట సగంలో తెగిపోయింది. ఆమె రిజిస్టరు వైపు చూసింది, సీసాల వైపు చూసింది, చివరికి ఆయన వైపు చూసింది.

"మరి నా కాపీరాత?" అంది, చిన్నపిల్ల గొంతుతో.

"నాకు తెలిసింది ఆ సంతకమొక్కటేనమ్మా" అన్నాడు బాబాయి తల దించుకుని. "గుండ్రంగా ఉండాలని ఊరికే అనేవాణ్ణి."

బయట వ్యాను హారన్ మోగింది. వంటశాలకు ఇరవై సీసాలు వెళ్ళాలి. బాబాయి లేచి అరల ముందుకు నడిచాడు. అలవాటుగా ఒక సీసా తీసి మూత మీద చెయ్యి వేశాడు. వెనకాల ఆమె చూస్తోందని గుర్తొచ్చి ఆగిపోయాడు. హారన్ మళ్ళీ మోగింది. ఆయన విప్పనూ లేక, విప్పకుండా పంపనూ లేక సీసా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.