బంగ్వేలో చెప్పని మాట

సాయంత్రపు అసర్ నమాజు అయ్యాక ఇత్సాంద్రా పెద్దలు ఊరి సభ జరిగే చౌకు బంగ్వేలో రాతి అరుగుల మీద కూర్చున్నారు. షమ్సిదీన్ అరుగుకు ఇవతల నిలబడ్డాడు. యాభై మీటర్ల ఈతలో కొమొరోస్ తరఫున విదేశాల్లో పోటీ చేసినవాడు. అయినా ఊరికి విందులిచ్చి పెద్ద పెళ్లి చేసుకోలేదు. అది చేసుకోనివాడు బంగ్వేలో కూర్చోడు, మాట్లాడడు.

అతని కుడి భుజం పాడైంది. రోజూ సాధనకు రేవులో రెండు పడవల మధ్య తాడు కట్టి ఈదుతాడు. రంజాన్ నుంచి ఆ చెయ్యి చెవి దాటి లేవడం లేదు. పోటీకి దేశం నుంచి ఒక్కరే వెళ్లాలి. ఇప్పుడు అతనికన్నా ముందు, అతనితో ఈదే కుర్రాడు ఆన్లీ అవతలి పడవను ముట్టుకుంటున్నాడు. తన బదులు ఆన్లీని పంపమని పెద్దలకు చెప్పాలి. ఊరు ఒప్పుకుంటే పేరు మారుస్తానని జట్టు అధికారి అన్నాడు.

తన తరఫున ఆ మాట చెప్పమని పొద్దున మేనమామ బొయినాను అడిగాడు.

"చెప్తాలేరా. నేనంటే కాదనేదెవడు?" అన్నాడు బొయినా.

అరుగు మీద ఒక ముసలాయన నవ్వాడు. "మన పిల్లాడు టీవీలో కనిపిస్తాడు. పక్క ఊళ్లో ఎవడున్నాడు? పడవలో కూర్చున్నా మునుగుతారు! మేనమామవి, నువ్వు చెప్పవయ్యా బొయినా."

బొయినా లేచి టోపీ సర్దుకున్నాడు. "మావాడు ఒక మాట చెప్పమన్నాడు."

"ఏం మాట?"

అందరూ బొయినా వైపే చూస్తున్నారు. తన పెద్ద పెళ్లి తర్వాత మళ్లీ బంగ్వే అతని మాట కోసం ఇలా ఆగింది లేదు.

"ఈసారి ఇంకా బాగా ఈదుతానని," అన్నాడు.

పెద్దలు అరచేతులు చాపి దీవెనగా ఫాతిహా చదివారు. ఫాతిహా అయిన మాటను వెనక్కి తీసుకోరు.

షమ్సిదీన్ నోరు తెరిచాడు. పక్కనున్న ఆన్లీ అతని చొక్కా పట్టి లాగాడు. "ఊరుకో అన్నా. నువ్వు మాట్లాడితే జరిమానాగా ఆవునిమ్మంటారు. మీ అమ్మ ఎక్కణ్ణుంచి తెస్తుంది?"

ఇంటికెళ్లే దారిలో బొయినా అతన్ని కలుసుకున్నాడు. "అంతమందిలో నొప్పని ఎలా చెప్పన్రా? ఒక్క ఊపిరిలో అయిపోయే ఈతేగా."

"అయితే నువ్వెళ్లు మామా."

"నాకు ఈత రాదుగా," అన్నాడు బొయినా.

పోటీ రోజు పరాయి దేశంలో, కొలను పక్కన, వైద్యురాలు అతని భుజం నొక్కి చూసింది. "తప్పుకుంటావా? నువ్వు చెబితే చాలు," అంది.

ఇక్కడ ఎవరైనా మాట్లాడవచ్చు. ఈపాటికి బంగ్వేలో టీవీ పెట్టి ఉంటారు. బొయినా ముందు వరసలో ఉంటాడు.

"బాగానే ఉంది," అన్నాడు షమ్సిదీన్.

నీళ్లలోకి దూకే దిమ్మె ఎక్కి వంగాడు. కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని ముందుకు తెచ్చి, అంచు మీద పెట్టాడు.