గేర్‌పెట్టె మీద క్యారేజీ

బంగార్రాజు గేరు మార్చి, ఆ చేతినే పక్కనున్న క్యారేజీ మీద పెట్టి చూశాడు. ఇంకా చల్లగానే ఉంది. మొహం చిట్లించుకున్నాడు.

ఇన్నేళ్ళ డ్రైవరీలో ఈ మహానుభావుడు నేర్చిన విద్య ఇదొక్కటే. డ్రైవరు సీటు పక్కన గేర్‌పెట్టె మీద రేకుమూత ఉంటుంది. బండి నడిచినకొద్దీ అది కాగుతుంది. పొద్దున్నే దానిమీద క్యారేజీ పెడితే మధ్యాహ్నానికి అన్నం పొయ్యిమీంచి దించినట్టుంటుంది. యుద్ధంలో మిలటరీ లారీలు తోలొచ్చిన మనిషి. బర్మా ఎలా ఉంటుందిరా అంటే ఒక్క ముక్క చెప్పలేడు గాని, అక్కడ తిన్న చల్లటి కూడు గురించి గంటలకొద్దీ చెబుతాడు. చిన్నప్పుడు సవితితల్లి పెట్టిందీ చద్దే. ఇప్పుడు వేడన్నం తినడమే ఈ జన్మకి ఘనకార్యం. రాత్రి ఇంటికెళ్ళగానే పెళ్ళాం అచ్చియ్యమ్మ అడిగేదీ అదే: "ఏడిగా తిన్నావా?"

చోడవరంలో లారీల రిపేరు షెడ్డు పెట్టుకున్న మేస్త్రీ రసూల్ పోయిన నెల నెత్తీనోరూ బాదుకున్నాడు.

"గేర్‌పెట్టిలో ఆయిలు కారిపోతంది అన్నా. రోజూ సూడు. రేకు మీద అరసెయ్యి ఆన్చి ఉంచగలిగితే పర్లేదు. ఉంచలేకపోతే బండి ఆపీ, సల్లారనీ."

యజమాని గణపతిరావు అంత పొడుగు మాట్లాడలేదు. "ఇంకోసారి గేర్‌పెట్టి కాలిందంటే నువ్వింక ఇంటికే," అన్నాడు. మోయలేని బరువు ఎక్కించే పెద్దమనిషి ఆయనే. అది వేరే సంగతి.

చూపు మందగించిన డ్రైవరుకి ఈ చుట్టుపక్కల ఇంకో లారీ ఎవడిస్తాడు? ఎవడూ ఇవ్వడు. అది బంగార్రాజుకీ తెలుసు. తెలిసి చేసిందేమిటి? ఆయిలు చూడాలంటే బండి కిందికి దూరాలి, బొజ్జ అడ్డం. చెయ్యి మాత్రం శ్రద్ధగా పెడుతున్నాడు. రేకు మీద కాదు, క్యారేజీ మీద.

ఆవేళ రోలుగుంటలో బెల్లం ఎత్తుకుని బయల్దేరాడు. రావికమతం దాటేసరికి క్యారేజీ వెచ్చబడింది. వడ్డాది దగ్గర చెయ్యి పెడితే చురుక్కుమంది.

"ఓరి నా బంగారమా," అన్నాడు మురిసిపోయి.

గేరు బిగుసుకుంటే రెండు చేతులా లాగాడు. ఏదో మాడుతున్న వాసన వచ్చింది. అచ్చియ్యమ్మ కాచిన నెత్తళ్ళ చేపల పులుసు అడుగంటుతోందనుకున్నాడు. పైగా నోరూరింది. ఛీ, ఇలాంటివాడికి లారీ ఇచ్చినవాణ్ణి అనాలి. వడ్డాది దాటిన ఎగుడులో గేర్‌పెట్టె కీచుమని మూలిగి పట్టేసింది, బండి ఆగిపోయింది.

చోడవరం వెళ్ళే బస్సువాడితో కబురంపి, క్యారేజీ మూత తీశాడు. పులుసు ఇంకా కుతకుతలాడుతోంది. అన్నం పొగలు కక్కుతోంది. ఒక ముద్ద కలిపి నోటిదాకా తెచ్చాడు. తిరిగి గిన్నెలో పడేసి మూత పెట్టేశాడు.

గణపతిరావు, రసూల్ జట్కాలో వచ్చారు. రసూల్ రేకు మీద అరచెయ్యి పెట్టబోయి చప్పున లాక్కున్నాడు. తర్వాత క్యారేజీని చూశాడు.

"ఇదేటన్నా, దీన్మీద పెట్టేవు?"

"అన్నం," అన్నాడు బంగార్రాజు. "ఏడిగా ఉంటాదని."

గణపతిరావు తిట్టను కూడా తిట్టలేదు. తిట్టడానికైనా ఎదుట మనిషంటూ ఉండాలి గదా అన్నట్టు చెయ్యి చాచాడు.

"తాళం ఇచ్చీ."

బంగార్రాజు ఇచ్చేశాడు. తువ్వాలు భుజాన వేసుకుని దిగాడు. చక్రం పక్కన కాసేపు నిలబడ్డాడు.

"అచ్చియ్యమ్మ అడుగుద్ది," అన్నాడు, ఎవరితోనో తెలీకుండా. "ఏటి సెప్పను?"

చోడవరం వైపు నడక సాగించాడు. ఎండలో ఆ బొజ్జా ఆ నడకా చూస్తే నవ్వొస్తుంది. రసూల్‌కి మాత్రం రాలేదు.

"అన్నా, నీ క్యారేజీ," అని కేకేశాడు. బంగార్రాజు వెనక్కి తిరగలేదు.

తీసి పక్కన పెడదామని రసూల్ దాని పిడి పట్టుకున్నాడు. కాలింది. వదిలేశాడు.

పొద్దువాలేదాకా క్యారేజీ ఆ రేకుమూత మీదే ఉంది. అడుగు గిన్నెలో, కలిపి వదిలేసిన ముద్ద ఇంకా వెచ్చగానే ఉంది.